మొక్కజొన్నతో ఆరోగ్యం, చర్మసంరక్షణ: పీచు నుంచి పిండి దాకా సమగ్ర మార్గదర్శి

మొక్కజొన్న పొత్తును ఒలిచేటప్పుడు మన చేతులు మొదట చేసే పని గింజలకు అంటుకున్న పీచును లాగి పారవేయడం. సంప్రదాయ వైద్యం మాత్రం ఆ పొత్తులో ముందుగా ఏరుకున్నది ఆ పీచునే. గింజ ఆహారమైంది, గింజలోని తెల్లని పిండి చర్మానికి పొడిగా, పూతగా ఉపయోగపడింది, మొలకభాగం నుంచి నూనె తీశారు. ఒక భాగం చేసే పనిని మరొక భాగం చేయదు. అందుచేత "మొక్కజొన్న మంచిది" అన్న మాట దగ్గరే ఆగిపోతే ప్రయోజనం లేదు. ఏ భాగాన్ని, ఎలా సిద్ధం చేసి, ఎంత మేరకు, ఎవరు వాడాలన్నదే అసలు విషయం. ఈ పంట విషయంలో పదార్థం కన్నా పద్ధతే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకు చరిత్రలో ఒక విషాదకరమైన సాక్ష్యం కూడా ఉంది. దాని గురించి గింజల భాగంలో చెబుతాను.

పీచు: సేకరణ, ఎండబెట్టడం, కషాయం

పొత్తు కొనన కుచ్చులా వేలాడే ఈ దారాలు నిజానికి ఆడపువ్వు భాగాలు. పొత్తులోని ప్రతి గింజకూ ఒక్కొక్క దారం ఉంటుంది. మగపూత నుంచి రాలిన పుప్పొడి దారం చివర పడి, దాని వెంట లోపలికి దిగితేనే అక్కడ గింజ కడుతుంది. దారానికి పుప్పొడి అందని చోట గింజ లేక బోసిగా మిగిలిపోవడం పొత్తుల్లో అందరమూ చూసేదే. లాటిన్ వైద్యగ్రంథాల్లో ఈ పీచును 'స్టిగ్మా మేడిస్' అంటారు, చైనా సంప్రదాయ వైద్యంలో 'యుమిషు' అంటారు. ఉత్తర అమెరికా మూలవాసులతో పాటు యూరప్ మూలికావైద్యులు కూడా దీన్ని ప్రధానంగా మూత్రంలో మంటకు, మూత్రాశయపు చికాకుకు, ఒంట్లో నీరు చేరడానికి వాడారు. దీనిలో పొటాషియం, మేసిన్ అనే ఫ్లేవనాయిడ్, అలాంటాయిన్, బీటా సిటోస్టెరాల్ వంటి పదార్థాలు ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పీచు మూత్రాన్ని పెంచుతుందని, రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని జంతువులపై చేసిన ప్రయోగాలు కొన్ని సూచించాయి గానీ, మనుషులలో ఆధారాలు ఇంకా బలహీనంగానే ఉన్నాయి. కాబట్టి దీన్ని తేలికపాటి ఇబ్బందికి ఉపశమనంగా భావించాలి తప్ప, రోగాన్ని నయం చేసే మందుగా భావించరాదు.

1. పొత్తును ఎంచుకోవడం. గింజ పాలుపోసుకుని ఇంకా లేతగా ఉన్న పొత్తును తీసుకోవాలి. పై ఆకులు పచ్చగా, బిగుతుగా ఉండాలి. బయటికి వేలాడే కుచ్చు గోధుమరంగుకు తిరిగినా, ఆకుల లోపలి పీచు లేత పసుపు పచ్చగా, పట్టుదారంలా మెరుస్తూ, వేళ్లకు కొంచెం జిగురుగా తగలాలి. మనకు కావలసింది ఈ లోపలి భాగమే.

2. వేరుచేయడం. బయటికి కనిపించే నల్లబడిన కొనను కత్తెరతో కత్తిరించి పారవేయాలి. పొత్తులను తొలిచే పురుగు గుడ్లు పెట్టేది ఆ కొనల మీదే, చేలో చల్లిన పురుగుమందు నేరుగా పడేదీ అక్కడే. అందుచేత మందు కొట్టని పంట దొరికితేనే పీచును ఔషధంగా వాడాలని నా అభిప్రాయం. మందు కొట్టారో లేదో తెలియని పొత్తు గింజలను వండుకోవచ్చు, ఎందుకంటే వాటికి పై ఆకుల రక్షణ ఉంటుంది. పీచు కొన బయటికే ఉంటుంది కనుక దానికి ఆ రక్షణ పూర్తిగా లేదు.

3. కడగడం. జల్లెడలో వేసి పారే నీటి కింద తొందరగా కడిగి, పలుచని గుడ్డ మీద పరచి తడి అద్దాలి. నీళ్లలో నానబెడితే సారం నీటిలోకి దిగిపోతుంది.

4. ఎండబెట్టడం. నేరుగా ఎండ తగలని, గాలి ఆడే చోట కాగితం మీద పలుచగా, దారం మీద దారం ముద్దగా పడకుండా పరచాలి. రోజుకు రెండుసార్లు వేళ్లతో విడదీయాలి. పొడి వాతావరణంలో రెండు మూడు రోజులు చాలు, తేమ ఉన్నప్పుడు అంతకన్నా ఎక్కువ పడుతుంది.

ఎండిందో లేదో చూపుతో తెలుసుకోలేము. నేను మొదటిసారి ఎండబెట్టినప్పుడు పైకి గలగలలాడుతున్న పీచును చూసి, పని అయిపోయిందనుకుని సీసాలో నింపి మూత బిగించాను. వారం తరువాత మూత తీస్తే ముక్క వాసన కొట్టింది, మధ్యలో ఉన్న చిన్న ఉండలో బూడిదరంగు నూగు పట్టి ఉంది. అంతా పారవేయవలసి వచ్చింది. అప్పటి నుంచి అన్నిటికన్నా ఒత్తుగా ఉన్న చోటి నుంచి ఒక పోగు తీసి, వేళ్ల మధ్య వంచి చూస్తాను. అది వంగితే ఇంకా తేమ ఉన్నట్టు, పుటుక్కున విరిగితే సిద్ధమైనట్టు. సీసాలో పెట్టిన మూడు రోజుల తరువాత కూడా ఒకసారి తెరిచి వాసన చూడడం మంచిది. బాగా ఎండిన పీచు సన్నని తియ్యదనంతో, ఎండుగడ్డిని తలపించే వాసనతో ఉంటుంది. వెలుతురు తగలని చోట ఉంచితే ఆరు నెలల దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు.

5. కషాయం. రెండు మూడు పొత్తుల పచ్చి పీచును గాని, చిన్న ముక్కలుగా కత్తిరించిన ఎండు పీచు సుమారు 4 గ్రాములు గాని తీసుకోవాలి. అర లీటరు నీటిని మరిగించి, పొయ్యి ఆపివేసి, పీచు వేసి, మూతపెట్టి పదిహేను నిమిషాలు ఉంచాలి. ఎండు పీచు మొండిగా ఉంటుంది కనుక, కావాలంటే ఐదు నిమిషాలు సన్నని మంట మీద కాగనివ్వవచ్చు. గుడ్డలో వడకట్టి పీచును బాగా పిండాలి. సరైన కషాయం లేత బంగారు రంగులో, ఉడికిన పొత్తు నీటి రుచితో ఉంటుంది, చేదు ఉండదు. చేదుగా గాని, పుల్లగా గాని ఉంటే పీచు పాడైనట్టే.

దీన్ని రోజంతటిలో రెండు మూడు సార్లుగా, గోరువెచ్చగా తాగాలి. తయారుచేసిన రోజే తాగి ముగించాలి, మరునాటికి ఉంచరాదు. రాత్రి పడుకునే ముందు తాగితే మూత్రానికి లేవవలసి వస్తుంది కనుక సాయంత్రంలోపు ముగించడం మేలు. నాలుగైదు రోజులు తాగి చూసి, గుణం కనిపించకపోతే ఆపివేయాలి. నెలల తరబడి నిత్యపానీయంగా తాగడాన్ని నేను ప్రోత్సహించను.

ఎవరు తాగరాదన్నది ఎలా తాగాలన్నదాని కన్నా ముఖ్యం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పీచులోని పొటాషియం భారమవుతుంది. ఒంటినీరు తగ్గించే మాత్రలు, రక్తపోటు మాత్రలు, చక్కెర మందులు వాడేవారిలో వాటి ప్రభావం మరీ పెరిగిపోయే అవకాశం ఉంది. పీచులో విటమిన్ కె ఉన్నందువల్ల, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందు వాడేవారు వైద్యుని అడగకుండా ముట్టరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు దూరంగా ఉండడమే క్షేమం. మూత్రంలో మంటతో పాటు చలిజ్వరం, నడుము పక్కన పోటు, మూత్రంలో రక్తం ఉంటే అది కషాయంతో పోయే బాధ కాదు, ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లాలి.

గింజ: చర్మసంరక్షణ లోపలి నుంచి మొదలయ్యేది ఇక్కడే

మొక్కజొన్న దాదాపు 9,000 ఏళ్ల కిందట నేటి మెక్సికో నైరుతి భాగంలో టియోసింటె అనే అడవి గడ్డిజాతి మొక్క నుంచి సాగులోకి వచ్చింది. అక్కడి ప్రజలు ఎండు గింజను సున్నపు నీటిలోనో, కట్టెల బూడిద కలిపిన నీటిలోనో ఉడికించి, కడిగి, రుబ్బుకుని తిన్నారు. 1492 తరువాత గింజ సముద్రం దాటి యూరప్ చేరింది గాని, దానితోపాటు ఆ సున్నపు నీటి పద్ధతి చేరలేదు. పేదలు రోజూ మూడుపూటలా మొక్కజొన్నే తిన్న ప్రాంతాలలో ఒక కొత్త చర్మరోగం బయలుదేరింది. 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ దాన్ని వర్ణించాడు. ఎండ తగిలే చేతులపై, పాదాలపై చర్మం ఎర్రబడి, మందమై, పొరలు లేచేది. మెడ చుట్టూ హారం వేసినట్టు మచ్చ ఏర్పడేది. ఆ మచ్చను వైద్యులు నేటికీ 'కసాల్ హారం' అనే పిలుస్తారు. 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో ఫ్రపోలి దీనికి గరుకు చర్మం అనే అర్థంలో 'పెల్లాగ్రా' అని పేరు పెట్టాడు. చర్మంతో మొదలైన జబ్బు విరేచనాలకు, మతిభ్రమకు, చివరికి మరణానికి దారితీసేది.

ఇది అంటువ్యాధి కాదని, తిండిలోని లోపమని అమెరికాలో జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి సాగించిన పరిశోధనలతో నిరూపించాడు. 1937లో కాన్రాడ్ ఎల్వేయెమ్ ఆ లోపం నికోటినిక్ ఆమ్లానిదని, అంటే నియాసిన్ అనే బి విటమిన్‌దని కనుగొన్నాడు. మొక్కజొన్నలో నియాసిన్ లేకపోలేదు, అయితే అది మన పేగులు పీల్చుకోలేని రూపంలో బంధించబడి ఉంటుంది. సున్నపు నీటిలో ఉడికించినప్పుడు ఆ బంధం విడిపోతుంది. శాస్త్రం రెండు వందల ఏళ్లు వెతికిన జవాబు ఆ ప్రాచీన వంటపాత్రలో వేల ఏళ్లుగా ఉడుకుతూనే ఉందన్న విషయం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

పప్పులు, పాలు, గుడ్లు, మాంసం వంటివి కలిపి తినేవారికి ఈ జబ్బు భయం లేదు. కాని మొక్కజొన్న ప్రధాన ఆహారంగా ఉన్న ఇంట్లో ఈ పద్ధతి, అంటే 'నిక్స్‌టమలైజేషన్', తెలిసి ఉండాలి.

ఒక కిలో ఎండు గింజలను ముందుగా ఏరాలి. పచ్చని గాని నల్లని గాని బూజు పట్టిన గింజలను, ముడుచుకుపోయిన గింజలను నిర్దాక్షిణ్యంగా తీసివేయాలి, ఎందుకంటే ఆ బూజులో కాలేయానికి హానిచేసే అఫ్లటాక్సిన్ ఉండవచ్చు, అది ఉడికించినా పోదు. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలో మూడు లీటర్ల నీళ్లు పోసి, తినడానికి పనికివచ్చే సున్నం పొడి 10 గ్రాములు కలపాలి. ఇది కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడిసి విరిసిన సున్నం. నీళ్లు పోస్తే పొగలు కక్కే గుల్ల సున్నాన్ని, గోడలకు వేసే సున్నాన్ని దీనికి వాడనే రాదు. అల్యూమినియం పాత్రను సున్నం తినివేస్తుంది కనుక అదీ పనికిరాదు. సున్నం కలిపేటప్పుడు కళ్లలో పడకుండా జాగ్రత్త వహించాలి.

గింజలు వేసి, నీరు మరగడం మొదలైన తరువాత సన్నని మంట మీద ముప్పై నుంచి నలభై ఐదు నిమిషాలు ఉడికించాలి. తెల్ల గింజ కూడా కాసేపటిలో పసుపు రంగుకు తిరుగుతుంది, తడి మట్టిని పోలిన ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. ఒక గింజను తీసి బొటనవేలితో నలిపితే పైపొట్టు జారిపోవాలి, నడుమ మాత్రం కొంచెం గట్టిదనం మిగలాలి. పొయ్యి ఆపి, మూతపెట్టి, రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు అలాగే వదిలివేయాలి. ఉదయం పసుపు పచ్చని చిక్కని నీటిని పారబోసి, గింజలను అరచేతుల మధ్య రుద్దుతూ మూడు నాలుగు నీళ్లు మార్చి కడగాలి. నీరు తేటగా వచ్చి, గింజ వేళ్లకు జారుడుగా తగలడం మానితే సున్నం వదిలినట్టు. ఆ గింజను రుబ్బుకోవచ్చు, మెత్తగా ఉడికించుకుని తినవచ్చు. నియాసిన్ అందడంతో పాటు కాల్షియం కూడా పెరుగుతుంది.

లేత పొత్తుకు ఇదంతా అవసరం లేదు. ఉడికించి తినడమే చాలు, ఉడికినకొద్దీ గింజలోని ఫెరూలిక్ ఆమ్లం అనే యాంటీఆక్సిడెంట్ విడివడుతుంది. పసుపు గింజలోని ల్యూటీన్, జియాజాంతిన్ అనే వర్ణకాలు కంటి రెటీనాలో చేరేవి. జియాజాంతిన్ పేరు కూడా మొక్కజొన్న శాస్త్రీయనామమైన 'జియా మేస్' నుంచే వచ్చింది. ఈ వర్ణకాలు కొవ్వులో కరిగేవి కనుక పొత్తుకు కొంచెం వెన్నో నూనెనో తోడైతే ఒంటికి బాగా పడతాయి.

తెల్లని పిండి: పొడి, పూత, స్నానం

మొక్కజొన్న పిండి అంటే రెండు వేర్వేరు వస్తువులు. గింజ మొత్తాన్ని మర పట్టిస్తే వచ్చేది పసుపు పచ్చని, కొంచెం గరుకైన పిండి. గింజ నుంచి పిండిపదార్థాన్ని మాత్రమే విడదీసి ఆరబెడితే వచ్చేది మంచులా తెల్లని కార్న్‌ఫ్లోర్, అంటే కార్న్‌స్టార్చ్. చర్మానికి కావలసింది రెండవది. రెండు వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా ఉంటూనే కిచకిచమంటుంది. చల్లని నీటితో చిక్కగా కలిపి గట్టిగా నొక్కితే రాయిలా బిగుసుకుని, వదలగానే పాలలా జారుతుంది. ఈ లక్షణాలు లేకపోతే అది వేరే పిండో, కల్తీ పిండో అయి ఉంటుంది.

ఏ వాడకానికైనా ముందు, ముంజేతి లోపలివైపు కొద్దిగా పూసి ఒక రోజు ఆగి చూడాలి. దురద, ఎరుపు వస్తే మొక్కజొన్న మీకు పడదన్నమాట.

పొడిగా వాడడం అన్నిటికన్నా సులువు. చర్మం చర్మంతో ఒరుసుకునే చోట్ల, చెమటకాయలు లేచిన వీపు మీద ఇది తేమను పీల్చుకుని రాపిడిని తగ్గిస్తుంది. ముందుగా చర్మాన్ని కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, తడి మీద చల్లితే పిండి ఉండకట్టి అదే గీరుకుంటుంది. పొడిని అరచేతిలో పోసుకుని, ముఖానికి దూరంగా, పలుచగా రాయాలి. పసిపిల్లల దగ్గర డబ్బా విదిలించరాదు, గాలిలో లేచిన పొడి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఎర్రగా మెరుస్తూ, అంచుల చుట్టూ చిన్న పొక్కులు లేచిన దద్దురు శిలీంధ్రం వల్ల వచ్చినది కావచ్చు, దానికి పొడి కాదు, మందు కావాలి. తెగిన గాయం మీద, పుండు మీద పొరపాటున కూడా చల్లరాదు. వైద్యుల చేతితొడుగులలో జారుడు కోసం వాడిన ఇదే పొడి, శస్త్రచికిత్స గాయాల్లో పడి లోపల చిన్న గడ్డలకు, కణజాలాలు ఒకదానికొకటి అతుక్కుపోవడానికి కారణమవుతున్నందున, అమెరికాలో పొడి పూసిన చేతితొడుగులను 2017 జనవరి నుంచి నిషేధించారు.

ఎండకు కందిన చర్మానికి, దోమకాటు దురదకు చల్లని పూత హాయినిస్తుంది. రెండు చెంచాల పిండిని పావు కప్పు చల్లని నీటిలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న ఒక కప్పు నీటిలోకి సన్నని ధారగా పోస్తూ తిప్పాలి. పాలరంగు నీరు ఒక్కసారిగా చిక్కబడి, గాజులా పారదర్శకమయ్యే క్షణం కనిపిస్తుంది, అక్కడితో పొయ్యి ఆపాలి. పూర్తిగా చల్లారాక పలుచగా పూసి, పావుగంట తరువాత, అది ఎండి లాగడం మొదలుకాకముందే చల్లని నీటితో కడగాలి. బొబ్బలెక్కిన కాలిన గాయానికి ఇది వాడరాదు. ఒళ్లంతా దురదగా ఉంటే, ఇదే విధంగా ఒక కప్పు పిండిని కాచి, గోరువెచ్చని స్నానపు నీటిలో కలుపుకుని పదిహేను నిమిషాలు ఒళ్లు నానబెట్టవచ్చు. తొట్టి జారుడుగా మారుతుంది కనుక పెద్దవాళ్లకు పక్కన తోడు ఉండాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పచ్చి పిండిని గుప్పెళ్లతో తినాలనే కోరిక కొందరిలో, ముఖ్యంగా గర్భిణులలో, కనిపిస్తుంది. అది తరచుగా ఇనుము లోపానికి సూచన. పిండిని దాచేస్తే సరిపోదు, రక్తపరీక్ష చేయించాలి.

పసుపు పిండి, నూనె: క్లుప్తంగా

మెత్తగా జల్లించిన పసుపు పిండిని పాలతోనో తేనెతోనో కలిపి నలుగుగా వాడతారు. మోచేతులకు, మడమలకు బాగుంటుంది. మొటిమలున్న ముఖానికి ఆ గరుకుదనం హాని చేస్తుంది కనుక ముఖానికి నేను వద్దనే చెబుతాను.

ఇదే పిండిని నీటితో గట్టి జావలా ఉడికించి, గుడ్డ మూటలో కట్టి, బెణికిన కండరాలకు వెచ్చని కాపడంగా పెట్టడం పాత పద్ధతి. ఉడికిన పిండి లోపల వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది, మూట పైభాగం చల్లారినట్టు తోచినా నడుమ కాలుతూ ఉంటుంది. మణికట్టు లోపలివైపు అర నిమిషం ఆనించి, ఓర్చుకోగలిగితేనే పెట్టాలి. చక్కెర జబ్బు వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి ఈ కాపడం పెట్టరాదు.

మొలకభాగం నుంచి తీసిన నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లమే ఉంటుంది, విటమిన్ ఇ కూడా ఉంటుంది. స్నానం తరువాత చర్మం ఇంకా తడిగా ఉన్నప్పుడే నాలుగు చుక్కలు రాస్తే తేమ నిలుస్తుంది. ఇది తొందరగా ముక్కిపోయే నూనె కనుక చిన్న సీసాలో, వెలుతురుకు దూరంగా ఉంచాలి.

చేతుల పగుళ్లకు పిండి, గ్లిజరిన్ లేపనం

పాత ఔషధశాలల్లో తయారుచేసిన ఈ లేపనం ఇంట్లో కూడా కుదురుతుంది. బరువులో ఒక పాలు కార్న్‌స్టార్చ్, రెండు పాళ్లు నీరు, ఏడు పాళ్లు గ్లిజరిన్ తీసుకోవాలి. ఉదాహరణకు 10 గ్రాములు, 20 గ్రాములు, 70 గ్రాములు. ముందు పిండిని నీటితో నున్నగా కలిపి, ఆ తరువాత గ్లిజరిన్ పోసి, మందపాటి గిన్నెలో సన్నని మంట మీద ఆపకుండా కలపాలి. కొంతసేపు ఏ మార్పూ కనిపించదు, ఆ తరువాత గరిటె బరువెక్కి తెల్లదనం తగ్గి పాలిపోయిన జెల్లీగా మారుతుంది. అప్పుడే దించాలి, ఆలస్యమైతే అడుగంటుతుంది. మరిగించి ఆరబెట్టిన సీసాలో వేడిగా ఉండగానే నింపి, చల్లారాక మూత పెట్టాలి.

రాత్రి చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే బఠాణీ గింజంత లేపనాన్ని రెండు చేతులకూ సరిపోయేలా రాయాలి. ఎక్కువ రాస్తే బంకగా ఉంటుంది. రక్తం కారే పగుళ్ల మీద మండుతుంది, అవి మానేదాకా ఆగాలి. సీసా మీద తయారుచేసిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో ఉంచి, వేలితో కాకుండా శుభ్రమైన చెంచాతో తీసుకుంటూ, నెల రోజుల్లో ముగించాలి. పైన నీరు తేలినా, పులిసిన వాసన వచ్చినా పారవేసి కొత్తది కాచుకోవాలి.